పిచ్చర్‌ని 'విన్స్'తో కొలవొచ్చా?

బేస్‌బాల్‌లో విన్స్, సేవ్స్, ఈఆర్ఏ లాంటి పాత లెక్కలు ఇప్పటికీ పనికొస్తాయా అని అడిగారు. కొన్ని పనికొస్తాయి. 'విన్స్', అంటే పిచ్చర్ (బంతి విసిరేవాడు) పేరిట రాసే జట్టు గెలుపులు, మాత్రం అతని ప్రతిభను చెప్పవనే నా అభిప్రాయం.

2018లో న్యూయార్క్ మెట్స్ పిచ్చర్ జేకబ్ డిగ్రామ్‌నే చూడండి. 217 ఇన్నింగ్స్ వేశాడు, 269 మందిని స్ట్రైకవుట్ చేశాడు, అంటే ఫీల్డర్ల మీద ఆధారపడకుండా తన బంతులతోనే అవుట్ చేశాడు. ఈఆర్ఏ, అంటే 9 ఇన్నింగ్స్‌కి తన ఖాతాలో పడే పరుగుల సగటు, 1.70. అంత గొప్పగా వేసినా అతని పేరిట ఉన్నవి 10 గెలుపులు, 9 ఓటములు! అతను వేసిన రోజున తోటివాళ్లు పరుగులు తీయకపోతే అతనేం చేస్తాడు పాపం? అయినా ఉత్తమ పిచ్చర్‌కిచ్చే సై యంగ్ అవార్డు అతనికే ఇచ్చారు. 30 మొదటి స్థానం ఓట్లలో 29 అతనివే. చాలా సంతోషమేసింది.

సేవ్, అంటే ఆఖర్లో వచ్చి జట్టు ఆధిక్యాన్ని కాపాడిన పిచ్చర్ పేరిట రాసేది, కూడా అంతే. మూడు పరుగుల ఆధిక్యంతో ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్‌కి వచ్చి, రెండు పరుగులిచ్చి గెలిపించినా సేవ్ దక్కుతుంది. ఏడో ఇన్నింగ్స్‌లో మూడు బేసుల్లోనూ ప్రత్యర్థి రన్నర్లు పరుగుకి సిద్ధంగా ఉండగా, అసలు టెన్షన్ టైంలో వచ్చి గట్టెక్కించినవాడికి దక్కదు.

ఈఆర్ఏని మాత్రం పక్కన పెట్టను. కాకపోతే ఫీల్డర్ల చురుకుదనం, మైదానం సైజు అందులో కలిసిపోతాయి. అందుకే స్ట్రైకవుట్లు, వాక్‌లు (నాలుగు చెడ్డ బంతులకి బ్యాటర్‌కి ఉచితంగా దక్కే బేస్), హిట్ బై పిచ్‌లు (విసిరిన బంతి బ్యాటర్‌కి తగలడం), హోమ్ రన్‌లతో (బంతిని మైదానం దాటించే దెబ్బలు) లెక్కగట్టే ఎఫ్ఐపీని, అంటే ఫీల్డర్ల ప్రమేయం లేని లెక్కని, దాని పక్కన పెట్టుకుని చూస్తాను.