స్విఫ్ట్ కారు ముందు బ్రేక్ డిస్క్ ఊడి రావట్లేదా? సుత్తి పక్కన పెట్టండి

కాలిపర్ (ప్యాడ్లతో డిస్క్‌ని నొక్కి పట్టే భాగం) తీసేశాను, ఎంత కొట్టినా డిస్క్ కదలట్లేదు అన్నారు కదా అన్నా, కాలిపర్ ఒక్కటే తీస్తే చాలదు, దాన్ని మోసే బ్రాకెట్‌కి వెనకవైపు రెండు పెద్ద బోల్టులుంటాయి, అవీ విప్పాలి (నేనూ మొదటిసారి ఇక్కడే అరగంట తన్నుకున్నాను). అవి విప్పినా రాలేదంటే హబ్‌కి (డిస్క్, చక్రం బిగించే మధ్య భాగానికి) తుప్పుతో అతుక్కుపోయిందన్నమాట. డిస్క్ మీద మరలున్న చిన్న రంధ్రాలు రెండు కనిపిస్తాయి. వాటిలో ఎం8 (8 మి.మీ. మందం) బోల్టులు పెట్టి, ఇది కొంచెం అది కొంచెం బిగిస్తూ పోండి, టప్పున ఊడొస్తుంది. కాలిపర్‌ని మాత్రం బ్రేక్ గొట్టం మీద వేలాడనివ్వకండి, తీగతో సస్పెన్షన్ స్ప్రింగుకి కట్టండి. కొత్త డిస్క్ పెట్టేముందు హబ్‌ని వైర్ బ్రష్‌తో బాగా రుద్దండి, లేకపోతే తర్వాత బ్రేక్ వేసినప్పుడు పెడల్ అదురుతుంది. అంతా బిగించాక, బండి కదిపే ముందే పెడల్ గట్టిపడేదాకా తొక్కండి, మర్చిపోతే మొదటి బ్రేకు పడదు.