సింప్సన్స్ 10వ సీజన్ దాటినంక నవ్వొస్తలేదా?

సబ్‌టైటిల్స్ వల్లనేమో అని అడిగినవ్ గదా, తప్పు వాటిది కాదు తమ్మీ. సింప్సన్స్ 1989ల మొదలైన అమెరికా కార్టూన్ షో, ఏండ్లు గడిచేసరికి పాత్రలల్ల నిజమైన మనుషుల తీరు పోయి, ఒక్కొక్కరికి ఒక్కో ముద్రే మిగిలింది. హన్మకొండ రూంల నలుగురు కూసొని చూసినా ఎవ్వలు నవ్వుతలేరన్నవ్ గదా, కారణం గదే.

ఇట్ల చేసి చూడు:

1. పక్కింటి ఫ్లాండర్స్‌ను గమనించు. మొదట్ల ఆయన మంచోడు, ఆయనంటే షోల ఇంటి పెద్ద హోమర్‌కు కడుపుమంట. నవ్వంత ఆ మంటల ఉండె. తర్వాత ఫ్లాండర్స్ అంటే ఉత్త భక్తే.

2. అందరు ఇడిసిపెట్టేది ఇదే: జోకులు లెక్కపెట్టకు, ఆ నవ్వుకు ఇంట్ల ఎవలికి నొప్పి తాకిందో చూడు. 1991ల వచ్చిన ఒక ఎపిసోడ్ల హోమర్ దొంగ కేబుల్ పెట్టించుకుంటడు. ఆయన బిడ్డ లీసాకు, దొంగతనం చేస్తే నరకానికి పోతమని భయం. ఇంటినిండ మంది బాక్సింగ్ చూస్తుంటే ఆ పిల్ల బయట గడ్డిల కూసుంటది. ఆఖరికి హోమర్ టీవీ ఇడిసి బయటికొస్తడు, తర్వాత స్తంభమెక్కి వైరు కత్తిరిస్తడు. (కత్తిరించేది తప్పు వైరు, కరెంటే పోతది. మన గల్లీల స్తంభాలు చూసినోళ్లకు ఇంకింత నవ్వు.) తర్వాతి సీజన్లల్ల శానసార్లు హోమర్ ఎంత ఆగం చేసినా ఎవలికీ ఏం తాకది.

3. 3 నుంచి 8 సీజన్లు మల్ల చూడు. 9 నుంచి ఏరుకొని చూడు, వరుసగ వద్దు.