ఒక అక్షరం ఎక్కువైతే పన్ను పొడుచుకొస్తుంది

"సావిత్రిబాయి ఫూలే, పండిత రమాబాయి కాకుండా ఆడపిల్లల చదువు కోసం పాటుపడిన ఆడవాళ్లు ఇంకెవరున్నారు?" అని కదా ప్రశ్న. నా వైపు నుంచి ఒక్కటే పేరు. మహారాష్ట్రలోని షోలాపూర్‌కు చెందిన పండితా సుమతీబాయి షహా. పద్మశ్రీ కూడా ఇచ్చారు. అయినా జైనుల్లో తప్ప బయట ఆ పేరు చెబితే "ఎవరావిడ?" అంటారు.

నేను ఆమెను చూడలేదు. ఆమె దగ్గర చదువుకున్న ఒకావిడ చేత మాత్రం మొట్టికాయలు తిన్నాను. ఆ హక్కుతోనే రాస్తున్నాను.

మాది షోలాపూర్‌లో స్థిరపడ్డ పద్మశాలి కుటుంబం. తాత కరీంనగర్ దిక్కు నుంచి మిల్లు పనికి వలస వచ్చాడు. నాన్న పవర్‌లూమ్ మీద తువ్వాళ్లు నేసేవాడు, అమ్మ బీడీలు చుట్టేది. మా వాడలో ఏ గడప దగ్గర చూసినా ఒళ్లో చాట, చాటలో ఆకు, తంబాకు. (అక్కడ మమ్మల్ని తెలుగోళ్లంటారు, ఇటొస్తే మరాఠోళ్లంటారు. ఆ గోడు ఇంకోసారి చెప్తాను.)

మా సందు మొదట్లో ఒక జైనుల ఇల్లు ఉండేది. ఆ ఇంటి పెద్దావిడను అందరూ కాకూ అనేవాళ్లు. చిన్న వయసులోనే భర్త పోతే పుట్టింటివాళ్లు తీసుకెళ్లి శ్రావికాశ్రమంలో చేర్చారట. జైన ఆడవాళ్లు చదువుకోవడానికి సుమతీబాయి ఏళ్ల తరబడి నడిపిన సంస్థ అది. కాకూ ఎప్పుడూ తెల్ల చీరే కట్టేది. పొద్దు కుంకకముందే భోజనం, నీళ్లు వడగట్టి తాగడం, ఉల్లిపాయ వాసన కూడా పడకపోవడం. ఆదివారం మా ఇంట్లో మటన్ ఉడుకుతుంటే వచ్చి ఏమీ అనేది కాదు, కిటికీ మాత్రం టప్పున మూసేది.

నాకు పదో పదకొండో ఏళ్లప్పుడు, బడులు తెరవడానికి కొద్ది రోజుల ముందు, శ్రుతపంచమి వచ్చింది. జ్యేష్ఠ శుద్ధ పంచమి, జైనులకు పుస్తకాల పండుగ. గ్రంథాలన్నీ బయటికి తీసి, దులిపి, కొత్త గుడ్డల్లో చుట్టి పూజ చేస్తారు. మోయడానికి మనిషి లేక కాకూ నన్ను పిలిచింది. నేను చేతులు వెనక్కి దాచుకున్నాను. పొద్దున్నుంచి తంబాకులోనే ఉన్న చేతులవి. సబ్బుతో కడిగించింది. పోలేదు. శనగపిండితో రుద్దించింది. పోలేదు. నా అరచేయి ముక్కు దగ్గర పెట్టుకుని మొహం చిట్లించి, "ఇంకేం చేస్తాం, పట్టుకో" అని ఒక బండ పుస్తకం చేతుల్లో పెట్టింది. మొదటి పేజీ తీసి పేరు చదవమంది. కూడబలుక్కుని "సుమతీబాయి" అని చదివాను. "ఆడమనిషి పేరే కదా?" అంది. అవునన్నాను. అందులో అంత విశేషమేముందో నాకప్పుడు అర్థం కాలేదు.

అది షట్ఖండాగమం. దిగంబర జైనులకు అంతకు మించిన శాస్త్రం లేదు. దాని తాటాకు ప్రతులు కర్ణాటకలోని మూడబిద్రిలో వందల ఏళ్లు ఉండిపోయాయి. భక్తులు వెళ్లి దండం పెట్టుకోవడమే తప్ప చదివే భాగ్యం లేదు. 1939 నుంచి హీరాలాల్ జైన్ గారు దాన్ని ధవల అనే వ్యాఖ్యానంతో కలిపి పదహారు సంపుటాలు తెచ్చారు. తర్వాత 1965లో దాని సూత్రాలను ఒకే సంపుటంలో పెట్టి సుమతీబాయి సంపాదకురాలిగా వేయించారు. బడి పెట్టడం గొప్పే, కాదనను. కానీ మగ పండితులు కూడా భయపడుతూ ముట్టుకునే ప్రాకృత గ్రంథం మీద ఒక ఆడమనిషి పేరు సంపాదకురాలిగా ఉండడం అంతకన్నా పెద్ద విషయమని నా అభిప్రాయం. బడికి డబ్బున్న ఏ సేఠైనా పేరు పెట్టుకోవచ్చు, ఇది మాత్రం చదివితేనే వస్తుంది.

ఆ రోజు కాకూ ఇంకో మాట చెప్పింది. "ఇది రాసినవాళ్లు మీ ఆంధ్రా దిక్కు నుంచి వచ్చినవాళ్లే." గిర్నార్ గుహలో ధరసేనాచార్యుడికి ముసలితనం వచ్చింది, తన చదువు తనతోనే పోతుందన్న బెంగ పట్టుకుంది. మహిమానగరిలో కలిసిన దక్షిణాది ఆచార్యులకు ఉత్తరం రాశాడు. వాళ్లు ఆంధ్రదేశంలోని వేణానది ఒడ్డు నుంచి ఇద్దరిని పంపారు. (వేణా అంటే మన కృష్ణవేణే అని నా గట్టి నమ్మకం. పండితులు ఎంతైనా వాదించుకోనివ్వండి.) గురువు వాళ్లకు చెరో మంత్రం ఇచ్చాడు, ఒకరికి ఒక అక్షరం ఎక్కువ, ఇంకొకరికి ఒక అక్షరం తక్కువ. జపిస్తే ఒకరికి పన్ను బయటికి పొడుచుకొచ్చిన దేవత కనిపించింది, ఇంకొకరికి ఒంటికన్ను దేవత. దేవతలు ఇలా ఉండరే అనుకుని ఇద్దరూ మంత్రం సరిచేసుకుని మళ్లీ జపించారు. దేవతలు చక్కగా వచ్చారు. అప్పుడుగాని గురువు పాఠం మొదలుపెట్టలేదు. ఆ ఇద్దరే పుష్పదంతుడు, భూతబలి.

ఆ రోజు నుంచి నా డిక్టేషన్‌లో తప్పు వస్తే కాకూ తిట్టేది కాదు. "పన్ను పొడుచుకొచ్చింది చూడు" అనేది. మొట్టికాయ మాత్రం మామూలే.

ఆ ఏడే అమ్మ నన్ను బడి మాన్పించబోయింది. కాకూ మా ఇంటికొచ్చి గోనెసంచి మీద కూర్చుంది. "బడికి పోతే బీడీలెవలు చేస్తరు కాకూ? కూసుంటే దినానికి మూడొందలు చేస్తది" అంది అమ్మ. చదువు గొప్పదనం గురించి కాకూ ఒక్క ముక్క మాట్లాడలేదు. "పొద్దున వంద చేసి వెళ్తుంది, సాయంత్రం వచ్చి నూటయాభై" అంది. "నూటయాభై సాలదు" అంది అమ్మ. "సరే, నూట డెబ్బై. ముప్పై వదిలెయ్." నా చదువు అలా కూరగాయల బేరంలా తెగింది. ఆ ముప్పై బీడీలే నా స్కాలర్‌షిప్.

అందుకే జనవరి 3న, సావిత్రిబాయి పుట్టినరోజు నాడు, అందరూ స్టేటస్‌లు పెట్టుకుంటుంటే నాకు ఒళ్లు మండుతుంది. సావిత్రిబాయి మీద కోపం కాదు, ఆ తల్లికి దండం. ఒక్క ఫొటో పెట్టి చేతులు దులుపుకోవడం మీద కోపం. ముంబైలో సేఠ్ మాణిక్‌చంద్ కూతురు మగన్‌బాయి ఉంది, చిన్న వయసులోనే విధవ అయితే తండ్రే దగ్గరుండి చదివించాడు. బీహార్ ఆరాలో చందాబాయి ఉంది, వైష్ణవుల ఇంట పుట్టి, జైనుల కోడలై, పసితనంలోనే భర్తను పోగొట్టుకుని, 1921లో జైన బాలా విశ్రామ్ పెట్టింది. "జైన్ మహిళాదర్శ్" అని ఆడవాళ్ల కోసం పత్రిక కూడా నడిపింది. వీళ్ల పేర్లు పాఠంలో రావు. పైగా "అదంతా మతం చదువే కదా" అని చప్పరించేవాళ్లు ఒకరు. ప్రాకృత వ్యాకరణం నేర్చుకున్న కాకూయే మా అమ్మతో లెక్కల్లో గెలిచిందని వాళ్లకెలా చెప్పను?

మా వాడలో నా ఈడు ఆడపిల్లలు పదో తరగతి దాకా వచ్చారంటే సగం పుణ్యం సుమతీబాయిదే అంటాను. లెక్కలు చూపించమనకండి, నా దగ్గర లేవు. కాకూ ఉంది, అంతే.

నేను మరాఠీ మీడియం. పెళ్లయి సిరిసిల్ల వచ్చాక బస్సు బోర్డులు చూసి తెలుగు చదవడం నేర్చుకున్నాను. ఒత్తులు ఇప్పటికీ తడబడతాయి. ఇందులో ఎక్కడైనా దీర్ఘం ఎక్కువై పన్ను పొడుచుకొచ్చినా, ఒత్తు జారి ఒంటికన్ను పడినా చెప్పండి, సరిచేస్తాను. మొట్టికాయ మాత్రం వద్దు.