నీటి అడుగు వాహనానికి మోటార్ల అదుపు, కెమెరా వంపు

ప్రశ్న: నీటి అడుగున తిరిగే చిన్న వాహనాన్ని ఇంట్లోనే తయారు చేస్తున్నాను. 10 మీటర్ల లోతు దాటించే ఉద్దేశం లేదు. నా దగ్గర 12 వోల్టుల బ్రష్ మోటార్లు (లోపల రాపిడి ముక్కల ద్వారా విద్యుత్తు అందుకునేవి) నాలుగు ఉన్నాయి. బ్యాటరీని గట్టు మీదే ఉంచి, 30 మీటర్ల కేబుల్‌లో ఒక్కొక్క మోటారుకు ఒక్కొక్క జత తీగలు పంపి, చేతిలోని పెట్టెకు బిగించిన స్విచ్చులతో నడపాలనుకున్నాను. మిత్రులు ఈ మోటార్లను పక్కన పెట్టి బ్రష్‌లెస్ మోటార్లు కొనమంటున్నారు. ఏది మేలు? కెమెరాను కిందికీ పైకీ తిప్పడానికి సర్వో (చెప్పిన కోణానికి తిరిగి అక్కడే నిలిచే చిన్న మోటారు) అవసరమా, వాహనాన్నే ముందుకు వంచితే సరిపోదా?

జవాబు: మీ మిత్రులు మోటార్ల గురించి మాట్లాడుతున్నారు గానీ, ముందుగా తేల్చుకోవలసింది కేబుల్ సంగతి. 0.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ 30 మీటర్లు వెళ్ళి తిరిగి రావాలంటే మొత్తం 60 మీటర్లవుతుంది. దాని నిరోధం సుమారు 2 ఓములు. మోటారు 4 ఆంపియర్లు కోరితే ఆ తీగలోనే 8 వోల్టులు ఖర్చవుతాయి కాబట్టి, 12 వోల్టులలో మోటారు దాకా చేరేది మూడో వంతు మాత్రమే. తీగను లావు చేస్తే నష్టం తగ్గుతుంది, కానీ నాలుగు జతల లావుపాటి తీగలను ఈడ్చుకుంటూ తిరగడం చిన్న వాహనానికి శక్తికి మించిన పని. అందువల్ల బ్యాటరీని, మోటార్లను అదుపు చేసే బోర్డులను వాహనంలోనే ఉంచి, కేబుల్‌లో సంకేతాలను మాత్రమే పంపండి. మెలివేసిన జత తీగలున్న మామూలు ఈథర్నెట్ కేబుల్ 100 మీటర్ల వరకు ఆ పని చేస్తుంది, దృశ్యాన్ని కూడా అదే మోసుకొస్తుంది.

స్విచ్చులకు మరో లోపం ఉంది. ప్రొపెల్లర్ తోపు దాదాపు దాని వేగం వర్గాన్ని అనుసరిస్తుంది, అంటే వేగం సగమైతే తోపు నాలుగో వంతుకు పడిపోతుంది. ఒక వస్తువును దగ్గర నుంచి చూస్తూ నిలబడాలంటే కావలసింది ఈ స్వల్పమైన తోపే. స్విచ్చు నొక్కగానే మోటారు పూర్తి వేగం అందుకుంటే అడుగున ఉన్న ఒండ్రు లేచి కమ్మేస్తుంది. ఆ తర్వాత కొన్ని నిమిషాలపాటు ఎంత మంచి కెమెరా అయినా పనికిరాదు. కాబట్టి వేగాన్ని క్రమంగా పెంచి తగ్గించే అదుపు తప్పనిసరి. బ్రష్ మోటార్లకు ఆ పని హెచ్-బ్రిడ్జ్ డ్రైవర్ (మోటారుకు అందే విద్యుత్తు దిశను, మోతాదును మార్చే బోర్డు) చేస్తుంది, బ్రష్‌లెస్ మోటార్లకు ఈఎస్‌సీ (వేగాన్ని అదుపు చేసే ఎలక్ట్రానిక్ బోర్డు) చేస్తుంది.

ఈ రెండింటిలో మీ మొదటి వాహనానికి, అందులోనూ మంచినీటిలో 10 మీటర్ల లోపు తిరిగేదానికి, ఉన్న బ్రష్ మోటార్లే చాలునని నా అభిప్రాయం. అతి తక్కువ వేగంతో నెమ్మదిగా కదలడంలో అవే నయం. మామూలు బ్రష్‌లెస్ మోటారులో రోటర్ (తిరిగే భాగం) ఏ స్థానంలో ఉందో చెప్పే సెన్సర్ ఉండదు. తీగచుట్టల్లో పుట్టే ఎదురు వోల్టేజిని బట్టి ఈఎస్‌సీ దాన్ని ఊహించుకుంటుంది. వేగం బాగా తగ్గితే ఆ వోల్టేజి కూడా సన్నగిల్లుతుంది కాబట్టి, బయలుదేరేటప్పుడు మోటారు ఒక్కోసారి తడబడి, ఉలిక్కిపడినట్లు కదులుతుంది. అయితే బ్రష్ మోటారులోకి నీరు చేరకూడదు, ఇరుసు దగ్గరి సీలు అరిగిందంటే దాని ఆయుష్షు తీరినట్లే. ఉప్పునీటిలోకి, ఇంకా లోతుకు వెళ్ళే రోజున బ్రష్‌లెస్‌కు మారండి. అందులో రాపిడితో విద్యుత్తు అందించే భాగాలు లేవు. చుట్టలకు ఎపాక్సీ పూత ఉంటే అవి నీటిలో తడుస్తూనే తిరగగలవు.

అప్పుడు ఈఎస్‌సీ ఎంపికలో తొందరపడకండి. విమానం బొమ్మలకు వాడేవి చాలావరకు ఒకే దిశలో తిప్పుతాయి. కారు బొమ్మల రకం వెనక్కి తిరుగుతుంది గానీ, ముందు బ్రేకు వేసి, రెండోసారి అడిగితేనే తిరుగుతుంది. నీటిలో ఆ జాప్యం భరించలేనిది. రెండు దిశల్లోనూ వెంటనే స్పందించేది, అదుపు సంకేతంలోని పల్స్ నిడివి 1500 మైక్రోసెకన్లు ఉన్నప్పుడు మోటారును ఆపి ఉంచేది, సంకేతం తెగిపోగానే మోటారును నిలిపివేసేది తీసుకోండి. దాని సామర్థ్యాన్ని మోటారు మామూలుగా తీసుకునే కరెంటును బట్టి కాక, నాచు చుట్టుకుని ప్రొపెల్లర్ బిగుసుకుపోయినప్పుడు తీసుకునే కరెంటును బట్టి లెక్కించాలి. బ్రష్ మోటారు డ్రైవర్‌కూ ఇదే నియమం. బోర్డులుండే, నీరు చొరకుండా మూసిన గొట్టంలో గాలి కదలదు కనుక ఈ బోర్డులను అల్యూమినియం మూతకు ఆనించి బిగిస్తే వేడి నీటిలోకి పోతుంది.

ఇక కెమెరా. తేలే భాగం పైన, బరువు కింద ఉండేలా కట్టిన వాహనం తనంతట తాను నిటారుగా నిలుస్తుంది. మనం కోరుకునేదీ అదే. దాన్ని వంచాలంటే ఆ స్థిరత్వంతోనే మోటార్లు నిరంతరం పోరాడాలి, పైగా ముందుకు తోసే దిశ కూడా వాహనంతో పాటే వంగిపోతుంది. కాబట్టి సర్వో పెట్టండి. కిందికి 45 డిగ్రీలు, పైకి 45 డిగ్రీలు తిరిగితే దాదాపు అన్ని అవసరాలూ తీరుతాయి.

దాని ముందుండే కిటికీని నిర్లక్ష్యం చేయకండి. నీటి వక్రీభవన గుణకం (కాంతిని ఎంత వంచుతుందో చెప్పే అంకె) 1.33 కావడం వల్ల, గాలిలో 80 డిగ్రీల మేర చూసే కెమెరా చదునైన కిటికీ వెనుక నీటిలో సుమారు 58 డిగ్రీల మేర మాత్రమే చూస్తుంది. కెమెరాను వంచితే ఆ కిటికీ గుండా ఏటవాలుగా చూడవలసి వచ్చి, అంచుల్లో రంగులు చీలుతాయి, ఆకారాలు సాగుతాయి. అర్ధగోళాకారపు డోము ఉంటే ఈ బాధ తప్పుతుంది, కానీ లెన్సు, సర్వో తిప్పే ఇరుసు రెండూ డోము కేంద్రం మీదే ఉండాలి. డోము వెనుక నుంచి చూస్తే ఎంతో దూరపు వస్తువు బింబం కూడా డోము వ్యాసార్ధానికి కొద్ది రెట్ల దూరంలోనే ఏర్పడుతుంది. అందుచేత ఫోకస్‌ను బల్ల మీద కాక, డోమును నీటి తొట్టెలో ముంచి సరిచేయండి.

సర్వోకు విద్యుత్తు ఎక్కడి నుంచి ఇస్తున్నారన్నది కూడా ముఖ్యం. నేను కట్టిన తొలి వాహనంలో మోటార్లు కదిలినప్పుడల్లా కెమెరా తల ఊపేది. ప్రోగ్రాములో తప్పుందని రెండు సాయంత్రాలు దాన్నే తిరగరాశాను. తీరా చూస్తే సర్వోకు, అదుపు బోర్డుకు ఒకటే 5 వోల్టుల రెగ్యులేటర్ (వోల్టేజిని నిలకడగా ఉంచే పరికరం) ఉంది. మోటార్లు కరెంటు లాగగానే బ్యాటరీ వోల్టేజి కుంగి, ఆ 5 వోల్టులు కూడా కుంగేవి. సర్వోకు విడిగా ఒక రెగ్యులేటర్ పెట్టి, గ్రౌండ్ తీగలను మాత్రం ఒకేచోట కలిపితే ఆ జబ్బు కుదిరింది. కెమెరా వెంట కదిలే తీగకు కొంత వదులు ఉంచడం మరవకండి, బిగుతుగా ఉంటే అదే చోట పదే పదే మడతపడి తెగుతుంది. ఆర్డూసబ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడేవారికి కెమెరా వంపును జాయ్‌స్టిక్ మీటలకు అప్పగించే ఏర్పాటు అందులోనే ఉంది.

ప్రశ్న: సర్వోను గొట్టం బయట, నీటిలోనే ఉంచవచ్చునా?

జవాబు: సర్వో పెట్టెలోని గాలిని తీసేసి, విద్యుత్తు ప్రవహించని మినరల్ ఆయిల్ నింపితే ఉంచవచ్చు. ప్రతి 10 మీటర్ల లోతుకూ ఒక వాతావరణ పీడనం చొప్పున పెరిగే ఒత్తిడికి గాలి కుదించుకుపోతుంది, నూనె దాదాపు కుదించుకుపోదు. కానీ లోపల ఒక్క బుడగ మిగిలినా నీరు దాన్ని వెతుక్కుంటూ ఇరుసు సందుల్లోంచి వస్తుంది, పైగా చిక్కటి నూనెలో సర్వో మందగిస్తుంది. కెమెరాకు ఎలాగూ నీరు చొరని గొట్టం కావాలి గనుక సర్వోను కూడా అందులోనే ఉంచడం తేలిక. బయటి సర్వోను ఏదైనా వస్తువును పట్టుకునే చేయి అమర్చేటప్పటికి దాచుకోండి.

ప్రశ్న: వాహనాన్ని మూసేశాక చూస్తే ఒక మోటారు వెనక్కి తిరుగుతోంది. విప్పక తప్పదా?

జవాబు: బ్రష్‌లెస్ మోటారైతే మూడు తీగల్లో ఏ రెండింటినైనా తారుమారు చేస్తే దిశ మారుతుంది, బ్రష్ మోటారుకైతే ఉన్న రెండింటినీ మార్చాలి. అయితే మీరు మూత ముట్టనవసరం లేదు: ఆ మోటారు దిశను ప్రోగ్రాములోనే తిరగేయవచ్చు.