బల్లమీది గాగమేలా: పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు

వేలెడంత సైనికుల బొమ్మలకు రంగులు వేసి, కొలత టేపుతోనూ పాచికలతోనూ బల్లమీద పాత యుద్ధాలను తిరిగి ఆడే మినియేచర్ వార్‌గేమింగ్ గురించి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం గాగమేలా యుద్ధంలో తలపడిన మాసిడోనియా రాజు అలెగ్జాండర్, పర్షియా చక్రవర్తి మూడవ దరియస్‌ల సైన్యాలకు సంబంధించినవే కావడంతో, ఈ నెల శీర్షికను వాటికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: మాసిడోనియా సైన్యాన్ని మొదటినుంచీ సొంతంగా తయారు చేసుకోవాలని ఉంది. ఏ సైజు బొమ్మలు కొనాలి? ఎన్ని కావాలి? – విశాఖపట్నం పాఠకుడు

జవాబు: సైజు కంటే, సంఖ్య కంటే ముందు మీరు తేల్చుకోవలసింది సంవత్సరం. క్రీ.పూ. 359లో అలెగ్జాండర్ తండ్రి ఫిలిప్ చేతికి వచ్చిన సైన్యం వేరు, క్రీ.పూ. 334లో అతని కొడుకు ఆసియాలోకి నడిపించిన సైన్యం వేరు, క్రీ.పూ. 326లో జీలం ఒడ్డున పురుషోత్తముడిని ఎదుర్కొన్న సైన్యం వేరు. కొత్తవారికి మేము క్రీ.పూ. 334నే సూచిస్తాము, ఎందుకంటే ఆ ఏడాది సముద్రం దాటిన దళాల లెక్కను ప్రాచీన గ్రీకు చరిత్రకారుడు డియోడోరస్ విడివిడిగా ఇచ్చాడు: పదాతిలో మాసిడోనియన్లు 12,000, గ్రీకు మిత్రులు 7,000, కిరాయి సైనికులు 5,000, థ్రేసు, ఇల్లీరియా ప్రాంతాలవారు 7,000, విలుకాండ్రూ, ఈటెలు విసిరే అగ్రియానులనే తెగవారూ కలిసి 1,000, ఆశ్వికదళంలో మాసిడోనియన్లు 1,800, థెస్సలీవారు 1,800, ఇతర గ్రీకులు 600, థ్రేసు, పియోనియా రౌతులు 900.

ఒక బొమ్మ 100 మందికి సమానం అనుకుంటే మీ కొనుగోలు జాబితా దానంతట అదే తయారవుతుంది. మాసిడోనియా పదాతిలో రాజుకు సన్నిహితమైన హైపాస్పిస్టులు 3,000 మంది కనుక వారికి 30 బొమ్మలు, పొడవాటి ఈటెలు పట్టి దట్టమైన వరుసల్లో నిలిచే ఫాలాంక్స్‌కు 90, కంపానియన్లనే మాసిడోనియా రౌతులకు 18, థెస్సలీ రౌతులకు 18 సరిపోతాయి. మిగిలినవి తర్వాత చేర్చుకోవచ్చు. అంత పెద్ద సైన్యం పూర్తయ్యేవరకు ఆట మొదలు పెట్టకుండా ఉండలేమనుకునేవారు డీబీఏ అనే వార్‌గేమ్ నియమావళిని చూడవచ్చు. అందులో ఒక సైన్యమంతా 12 బేస్‌లే (బేస్ అంటే కొన్ని బొమ్మలను కలిపి అతికించే పలక).

సైజు విషయంలో మా మొగ్గు 15 మి.మీ. బొమ్మలవైపు. 28 మి.మీ. బొమ్మలో ముఖకవళికలూ అంగీ మడతలూ చక్కగా కనిపిస్తాయి, రంగులు వేయడంలోనే ఆనందం వెతుక్కునేవారికి అదే తగినది. కాని ఫాలాంక్స్ అందమంతా ఒక్కొక్క మనిషిలో కాదు, కిక్కిరిసిన వరుసల్లో ఉంది. భోజనాల బల్లంత స్థలంలో ఆ దట్టదనాన్ని చూపించగలిగేది చిన్న బొమ్మలే.

ప్రశ్న: నా దగ్గరున్న 28 మి.మీ. బొమ్మల చేతుల్లో ఈటెలు చాలా పొట్టిగా ఉన్నాయి, పైగా తాకితే వంగిపోతున్నాయి. ఫాలాంక్స్ ఈటె అయిన సరిస్సాను ఎంత పొడవుతో, దేనితో చేయాలి? – గుంటూరు పాఠకుడు

జవాబు: ఈ సైన్యానికి ప్రాణమే సరిస్సా కాబట్టి దీనికి కొంచెం వివరంగా సమాధానం చెప్పాలి. కార్నెల్ చెట్టు ఎత్తు ఎంతో చెబుతూ, అరిస్టాటిల్ శిష్యుడు థియోఫ్రాస్టస్, అది అన్నిటికన్నా పొడవైన సరిస్సాతో సమానంగా 12 మూరలు ఉంటుందని రాశాడు. అలెగ్జాండర్ కాలానికి చెందినవాడే కనుక ఆ మాటకు విలువ ఎక్కువ. 12 మూరలంటే సుమారు ఐదున్నర మీటర్లు. తర్వాతి కాలపు సైన్యాలను వర్ణించిన క్రీ.పూ. రెండవ శతాబ్దపు చరిత్రకారుడు పాలిబియస్ 14 మూరలు అంటాడు గాని, ఆ కొలత మీ 334 నాటి బొమ్మలకు అవసరం లేదు.

28 మి.మీ. బొమ్మ దాదాపు 1:60 నిష్పత్తికి వస్తుంది కనుక ఐదున్నర మీటర్ల సరిస్సా సుమారు 9 సెం.మీ. అవుతుంది, 15 మి.మీ. బొమ్మకైతే 5 సెం.మీ. సరిపోతుంది. పోత బొమ్మతో పాటు వచ్చే మెత్తని లోహపు ఈటె ఆ పొడవుకు నిలబడదు. దానిని కత్తిరించి, పిడికిలిలో సన్నని చేతి డ్రిల్లుతో రంధ్రం చేసి, 0.8 మి.మీ. మందమున్న గట్టి స్టీలు తీగను దూర్చి సూపర్‌గ్లూతో అతికించండి. తీగ కొసను ఇనుప దిమ్మెమీద పెట్టి చిన్న సుత్తితో రెండు మూడు దెబ్బలు వేస్తే అది చదునుగా పరుచుకుంటుంది. ఆ చదునైన భాగాన్ని ఆకురాయితో ఆకు ఆకారానికి తెస్తే మొన సిద్ధమవుతుంది. కొసను పదునుగా వదలకండి. తొంభై ఈటెల మీదికి చెయ్యి చాచేది మీరే, మీ ఇంట్లో పిల్లలు కూడా కావచ్చు.

పిడికిలి ఎక్కడ ఉండాలన్నది చాలామంది పట్టించుకోని విషయం. పాలిబియస్ లెక్కలో 14 మూరల్లో 4 మూరలు చేతుల పట్టుకూ వెనుక బరువుకూ పోగా 10 మూరలు సైనికుడి ముందుకు పొడుచుకుని వస్తాయి. అదే పాళ్లలో మీ తీగను మధ్యలో కాకుండా వెనుకనుంచి మూడోవంతుకు లోపే పట్టించండి. వెనుక కొసకు గట్టి ఇనుప మడమ ఉండేది. గ్రీసులోని వెర్గీనా దగ్గర మొనతో పాటు అటువంటి మడమ, ఒక లోహపు తొడుగు కూడా తవ్వకాల్లో దొరికాయి. రెండు కర్రముక్కలను కలిపే అతుకుగా ఆ తొడుగును కొందరు భావిస్తారు.

ఇక బేస్‌ల అమరిక. ఐదు వరుసల ఈటెలు శత్రువు ముందుకు వస్తాయనీ, ఆ వెనుకవారు తమ ఈటెలను ముందువారి భుజాల మీదుగా ఏటవాలుగా పైకి ఎత్తి పట్టుకుని బాణాల ఉధృతిని తగ్గిస్తారనీ పాలిబియస్ చెబుతాడు. బల్లమీద దీన్ని యథాతథంగా చేస్తే తీగలు 6 సెం.మీ. మేర బేస్ దాటి వచ్చి ఎదుటి బేస్‌ను తగలనివ్వవు. కాబట్టి మొదటి వరుస ఈటెలను మాత్రమే ముందుకు వాల్చి, రెండవ వరుసవి సగం ఎత్తి, మిగిలినవన్నీ నిలువుగా అతికించడం మేలు. డాలు కూడా చూసుకోండి: సరిస్సా పట్టినవాడి డాలు 60 నుంచి 70 సెం.మీ. వెడల్పు మాత్రమే, అంటే మీ బొమ్మకు 11 మి.మీ. ఉంటే చాలు. 15 మి.మీ. డాలు కనబడితే అది హోప్లైట్‌ది, అంటే పెద్ద డాలు పట్టిన గ్రీకు కాలిబంటుది.

ప్రశ్న: పర్షియా రాజు ప్రత్యేక దళమైన అమరదళానికి పసుపు రంగు పొడవాటి అంగీలు వేశాను. అవి తప్పు అని మిత్రుడు అంటున్నాడు. నిజమా? – హైదరాబాద్ పాఠకురాలు

జవాబు: మీరు వేసిన రంగు తప్పు కాదు, అది వేరే కాలానికి చెందినది. సూసా నగరంలోని మొదటి దరియస్ రాజభవనపు మెరుపు ఇటుకల గోడ మీద, ఇప్పుడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉన్న ఆ విలుకాండ్ర వరుసలో, పువ్వుల గుర్తులతో పసుపు, తెలుపు అంగీలు కనిపిస్తాయి. ఆ దరియస్ పాలించింది క్రీ.పూ. 522 నుంచి 486 వరకు. గాగమేలా యుద్ధం జరిగింది క్రీ.పూ. 331లో. నడుమ ఒకటిన్నర శతాబ్దం గడిచిపోయింది. పైగా అది కొలువులో నిలబడే దుస్తు. పాదాలదాకా జారే అంగీతో గుర్రమెక్కడం, యుద్ధరంగంలో పరుగెత్తడం ఎవరికైనా కష్టమే.

యుద్ధానికి వెళ్లే పర్షియన్ ఎలా ఉంటాడో గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ చెప్పాడు: మెత్తని టోపీ, పలు రంగుల చేతుల అంగీ, చేపపొలుసుల్లాంటి ఇనుప కవచం, కాళ్లకు షరాయి, చేతిలో అల్లిక డాలు, పొట్టి ఈటె, పెద్ద విల్లు, కుడి తొడ పక్కన బాకు. ఈ వర్ణన కూడా మొదటి దరియస్ కొడుకు క్సెర్క్సెస్ కాలానిదే, కాని షరాయీ చేతుల అంగీ చివరిదాకా నిలిచాయి. మూడవ దరియస్ కాలానికి మనకు దగ్గరి సాక్ష్యం 1887లో సైడన్‌లో దొరికి ఇప్పుడు ఇస్తాంబుల్‌లో ఉన్న ‘అలెగ్జాండర్ శవపేటిక’. దాని మీద పర్షియన్లు గడ్డాన్ని కూడా కప్పే తలగుడ్డలతో, బిగుతు షరాయిలతో కనిపిస్తారు. ఊదా, ఎరుపు, పసుపు, నీలం రంగుల జాడలు రాతిమీద ఇంకా మిగిలి ఉన్నాయి. పాంపేలో దొరికి నేపుల్స్ మ్యూజియంలో ఉన్న అలెగ్జాండర్ మొజాయిక్‌ను దాని పక్కన పెట్టుకుంటే మీకు కావలసిన రంగులన్నీ దొరుకుతాయి.

గాగమేలాలో దరియస్ చుట్టూ నిలిచిన వారిలో ఈటె మడమకు బంగారు ఆపిల్ ఉన్న అంగరక్షకులను అలెగ్జాండర్ చరిత్ర రాసిన ఏరియన్ పేర్కొన్నాడు. మీ బొమ్మల్లో ఇరవైకి కొత్త దుస్తులు వేసి, మడమకు చిన్న బంగారు చుక్క పెట్టండి. పాతవాటిని పారేయకండి, క్రీ.పూ. 479 నాటి ప్లాటియా యుద్ధానికి మరో సైన్యం మొదలైనట్టే.

ప్రశ్న: గుర్రాలకు జీను, రికాబులు పెట్టవచ్చా? – కర్నూలు పాఠకుడు

జవాబు: రెండు పక్షాలకూ పెట్టకూడదు. రికాబులు అప్పటికి లేవు. చట్రమున్న జీను కూడా లేదు. వీపుమీద ఒక వస్త్రం, కొందరికి చిరుతపులి చర్మం, అంతే. మధ్యయుగపు గుర్రాలను ఈ సైన్యానికి వాడదలిస్తే ముందు రికాబులు కోసేయండి.

ప్రశ్న: మా అబ్బాయి బడిలో అలెగ్జాండర్ పాఠం విన్నప్పటినుంచి, ఆ యుద్ధాల్లో మనవాళ్లు పర్షియా తరఫున పోరాడారా అని అడుగుతున్నాడు. – డాలస్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: పోరాడారు, కాని "మనవాళ్లు" అన్నప్పుడు గాంధారం, సింధు పరివాహక ప్రాంతాల భారతీయులని ఆ అబ్బాయికి చెప్పండి, దక్కనుకు ఈ కథలో చోటు లేదు. క్సెర్క్సెస్ సైన్యంలోని భారతీయులు నూలు బట్టలు కట్టుకుని, రెల్లు విల్లులూ ఇనుప మొనల రెల్లు బాణాలూ పట్టుకున్నారని హెరోడోటస్ రాశాడు. గాగమేలాకు బాక్ట్రియా (నేటి ఉత్తర అఫ్ఘానిస్తాన్ ప్రాంతం) వారితో కలిసి కొందరు, అరకోసియా (నేటి దక్షిణ అఫ్ఘానిస్తాన్ ప్రాంతం) వారితో కలిసి కొండప్రాంతపు భారతీయులు కొందరు వచ్చారని, సింధుకు పడమటి వైపున్న భారతీయుల దగ్గర సుమారు 15 ఏనుగులు ఉన్నాయని ఏరియన్ చెబుతాడు. ఆ అబ్బాయి రంగులు వేయడానికి ఇంతకంటే మంచి దళం లేదు: తెల్లటి నూలు పంచె, గోధుమ రంగు చర్మం, ఎండు గడ్డి రంగు విల్లు. పది బొమ్మలు చాలు.

ప్రశ్న: పర్షియా తరఫున ఎన్నిసార్లు ఆడినా ఓడిపోతున్నాను. లక్షల సైన్యం అంటారు కదా, బొమ్మలు ఇంకా కొనాలా? – వరంగల్ పాఠకుడు

జవాబు: కొనవద్దు. గాగమేలాలో దరియస్ పదాతి పది లక్షలని ఏరియన్ కాలానికి ప్రచారంలో ఉన్న లెక్కను నమ్మి బల్లను నాసిరకం పదాతితో నింపడమే మీ ఓటమికి కారణం కావచ్చు. గ్రీకు రచయితలు తమ వీరుడి గెలుపును పెద్దది చేయడానికి శత్రువును గుంపుగా చూపించారు. ఆ చూపును మనం బల్లమీద కొనసాగించవలసిన అవసరం లేదు. పర్షియా బలం ఆశ్వికదళం. అలెగ్జాండర్‌కు ఆ రోజు ఉన్న రౌతులు సుమారు 7,000. దరియస్ వైపు అంతకు ఎన్నో రెట్లు. ఎడమ పార్శ్వంలో బాక్ట్రియా, శక రౌతులకు మంచి బొమ్మలు, మంచి పాయింట్లు ఇవ్వండి. శకుల్లో మనుషులకూ గుర్రాలకూ మెరుగైన కవచాలున్నాయని ఏరియన్ స్వయంగా ఒప్పుకున్నాడు.

దరియస్ అసమర్థుడు కూడా కాదు. అంతకుముందు ఇస్సస్ యుద్ధంలో కొండకూ సముద్రానికీ మధ్య ఇరుక్కున్న అనుభవంతో, గాగమేలాలో విశాలమైన మైదానాన్ని ఎంచుకుని, 200 కొడవళ్ల రథాల కోసం నేలను చదును చేయించాడు. ఆ రథాలను మాత్రం నమ్ముకోకండి: అగ్రియానులు ఈటెలు విసిరి, పగ్గాలు పట్టి లాగి చాలావాటిని ఆపేశారు, మిగిలినవాటికి సైనికులు దారి వదిలారు. ఫాలాంక్స్‌లో ఏర్పడిన ఖాళీగుండా పర్షియా, భారత రౌతులు దూసుకుపోయి సామాన్ల శిబిరాన్ని దోచుకోవడమే ఆ రోజు పర్షియాకు దక్కిన పెద్ద అవకాశం. వారు శిబిరానికి పోకుండా వెనక్కు తిరిగి ఉంటే ఏమయ్యేదో మీ ఆటలో పరీక్షించండి. శత్రువు పూర్తిగా నాశనమైతేనే గెలుపు అనే నియమం తీసేసి, చీకటి పడేదాకా దరియస్ తన స్థానంలో నిలబడితే పర్షియా గెలిచినట్టు అని పెట్టుకోండి. అప్పుడు రెండు వైపులా ఆడేవారికి సమానమైన పని ఉంటుంది.

ప్రశ్న: రంగులు పూర్తయ్యాక స్ప్రే వార్నిష్ కొడితే బొమ్మలన్నీ పొగ పట్టినట్టు తెల్లబడ్డాయి. – కాకినాడ పాఠకుడు

జవాబు: గాలిలో తేమ ఎక్కువగా ఉన్నప్పుడు మ్యాట్ స్ప్రే ఇలా మంచు పట్టినట్టు అవుతుంది, తీరప్రాంతంలో వానాకాలమంతా ఈ ప్రమాదం ఉంటుంది. ముందు ఒక బొమ్మ మీద మెరుపునిచ్చే (గ్లాసీ) వార్నిష్‌ను కుంచెతో పలచగా పూసి చూడండి, చాలాసార్లు తెలుపు పోయి రంగు తిరిగి కనిపిస్తుంది. అది ఆరిన తర్వాత మెరుపు వద్దనుకుంటే నీటితో కలిసే మ్యాట్ వార్నిష్‌ను కుంచెతోనే వేయండి. ఈటెల తీగలకు, ముఖ్యంగా సుత్తి తగిలి రంగు నిలవని మొనలకు, రెండో పూత తప్పనిసరి; స్టీలు తీగ మీ ఊరి గాలికి తొందరగా తుప్పు పడుతుంది.