పెద్ద ఊయల మీద భయం కోసం ఎవరూ ఎక్కరు

"డబ్బులిచ్చి మరీ ఆ పెద్ద ఊయల రైడ్ల మీద కూర్చుని అరవడంలో ఏం ఆనందం ఉంది? భయపడటం కూడా సరదాయేనా?" అని అడిగారు.

భయం కోసం అనుకోవడం దగ్గరే పొరపాటు జరుగుతోంది. నేను చెన్నైలో ఉంటాను. ఎగ్జిబిషన్‌కి వెళ్లినా, ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్) మీద పార్కుకి వెళ్లినా ముందు నా కళ్లు వెతికేది కొలంబస్‌నే. పడవ ఆకారంలో అటూ ఇటూ ఊగుతుందే, అది. దాని ఆనందమంతా పై చివరన, ఇక ఎక్కడం అయిపోయి దిగడం మొదలవ్వని ఆ ఒక్క క్షణంలో ఉంది. మిగతాదంతా ఆ క్షణం కోసం పడే ఎదురుచూపే.

ఊయల పెద్దదైతే ఆ క్షణం కూడా సాగుతుంది. 4 మీటర్ల తాడుకు కట్టిన ఊయల ఒకసారి వెళ్లి రావడానికి సుమారు 4 సెకన్లు పడుతుంది. అదే 10 మీటర్లదైతే 6 సెకన్లు దాటుతుంది. ఎక్కినవాళ్లు లావా సన్నమా అన్నదానితో దీనికి సంబంధం లేదు. జనం ఎత్తు చూసి పెద్ద ఊయల గొప్పదనుకుంటారు. నా లెక్కలో దాని గొప్పతనం ఆ నెమ్మదే.

మా పెద్దమ్మది తెనాలి దగ్గర పల్లెటూరు. సంక్రాంతి అయ్యాక మా ఇంటికి వస్తే ఐలాండ్ గ్రౌండ్స్‌లో ఎగ్జిబిషన్‌కి తీసుకెళ్లాను. చేతిలో ఢిల్లీ అప్పళంతో నడుస్తున్నదల్లా కొలంబస్ ముందు ఆగిపోయింది. రెండు మూడు ఊపులు చూసి, "ఏమే, ఇది మన అట్లతద్ది ఊయలే కదా, ఇనుముతో చేశారు" అంది. చిన్నప్పుడు తెల్లవారకముందే లేచి చద్దన్నం తిని, చింతచెట్టుకు కట్టిన ఊయల మీద నిలబడి ఊగేవాళ్లట. తనకంటే ఎత్తు ఊగినవాళ్లు ఆ ఊళ్లో లేరని ఇప్పటికీ చెబుతుంది.

టికెట్లు తీసుకునే కుర్రాడు ఆమె తెల్లజుట్టు చూసి "పాట్టీ, నడువుల ఉక్కారుంగ" అన్నాడు, మధ్యలో కూర్చోమని. ఆమెకు అరవం రాదు కానీ అతను చెయ్యి చూపించిన వైపు అర్థమైంది. "మధ్యలో కూర్చుంటే ఊగినట్టు ఏముంటుంది నాయనా" అని తెలుగులోనే చెప్పి, కొంగు నడుముకు బిగించి, చెప్పులు విప్పి నా బ్యాగులో పెట్టి, తిన్నగా చివరి వరసలో కూర్చుంది.

ఆమె చెప్పిందే నిజం. పడవ మధ్యభాగం 60 డిగ్రీల దాకా లేస్తే, ఆ పైకి లేచిన కొస ఇంకా ఎక్కువ వాలుకు పోతుంది. 60 డిగ్రీల దగ్గర మన బరువులో సగమే సీటు మీద పడుతుంది. అదే మనిషి ఊపులో అట్టడుగుకు వచ్చేసరికి బరువు రెట్టింపు. అంటే 60 కిలోలవాళ్లు పైన 30 అయిపోయి, రెండు సెకన్ల లోపే 120 అవుతారు. 90 డిగ్రీల దాకా ఊపే రైడ్లలోనైతే పైన బరువు దాదాపు సున్నా, కింద మూడు రెట్లు. కడుపులో పేగులు తేలినట్టు అనిపించేది అందుకే, వాటి బరువు కూడా ఆ క్షణంలో తగ్గిపోతుంది.

కొలంబస్ మొదటి ఊపుకే పైకి పోదు. కింద తిరిగే టైరు పడవ అడుగును ఒరుసుకుంటూ, అది పైనుంచి వెళ్లిన ప్రతిసారీ కొంచెం తోస్తుంది. ఊపు ఊపుకీ ఎత్తు పెరుగుతుంటే పెద్దమ్మ నా వైపు చూడటం మానేసింది. పైన పడవ ఆగినప్పుడల్లా "ఇదిగో... ఇదిగో" అంటోంది. ముందు వరసల్లో కుర్రాళ్లు గొంతు చించుకుంటున్నారు, ఆమె మాత్రం నవ్వుతోంది. ఆ వయసులో ఆమె ముఖంలో అంత సంతోషం నేను పెళ్లిళ్లలో కూడా చూడలేదు. దిగగానే మళ్లీ టికెట్ కొనమంది.

గుండెజబ్బు, వెన్నునొప్పి ఉన్నవాళ్లు, గర్భిణులు ఎక్కకూడదు, అందులో వాదన లేదు. కానీ ఆరోగ్యంగా ఉన్న ఆడవాళ్లను వయసు పేరుతో బ్యాగులు కాపలా కాయడానికి బయట నిలబెట్టడం నాకు నచ్చదు. ప్రతి పార్కులోనూ చూస్తున్నాను. పిల్లలూ మగవాళ్లూ ఎక్కుతారు, అమ్మలూ అత్తయ్యలూ నీళ్ల సీసాలు పట్టుకుని నిలబడతారు. ఊయల మీద వాళ్ల హక్కే ముందుది, అట్లతద్ది వాళ్ల పండుగ.

ఇంకో బాధ, ఇప్పుడు వచ్చేవన్నీ ఊగుతూనే గుండ్రంగా తిరిగేవి. కాలిఫోర్నియాలో సిక్స్ ఫ్లాగ్స్ మ్యాజిక్ మౌంటెన్‌లో 2018లో తెరిచిన క్రేజానిటీ 172 అడుగుల దాకా లేస్తుంది. ఆ ఎత్తు వింటే నాకూ ఆశ పుడుతుంది, కానీ అదీ తిరుగుతుంది. తిప్పితే చెవిలోపలి బ్యాలెన్స్ తికమకపడి వికారం మొదలవుతుంది, పైన ఆగే ఆ క్షణాన్ని అనుభవించే తీరిక ఉండదు. ఊయలను ఊయలగా ఉంచాలి. రీల్స్ కోసం ఫోన్ చాపి కూర్చునేవాళ్ల మీదా నాకు కోపమే. అది చేయి జారితే కింద ఎవరి తల మీద పడుతుందో ఆలోచించరు.

మీరు ఎక్కి చూడకుండా అడిగినట్టున్నారు. బిర్యానీ తినకముందే వెళ్లండి. చివరి వరస ఖాళీ అయ్యేదాకా ఆగండి. సీటుకుండే సేఫ్టీ బార్ సరిగ్గా పడిందో లేదో మీరే లాగి చూసుకోండి. పైన ఆగినప్పుడు మాత్రం కళ్లు మూసుకోకండి.