ప్రశ్న – జవాబు: చందాకు హద్దు ఉన్నా ఖర్చుకు లేని చోట

ప్రశ్న: మా ఊళ్లో పోలింగుకు ముందు రాత్రి ఇంటింటికీ కవర్లు అందుతాయి. అమెరికాలో ఉండే మా అబ్బాయి అక్కడ అటువంటివి లేవంటాడు. కాని రాజకీయాల్లో ధనప్రభావాన్ని తగ్గించడానికి అక్కడ రాష్ట్రాలే సొంతంగా చట్టాలు చేసుకుంటున్నాయని చదివాను. కవర్లే లేనప్పుడు తగ్గించేది దేనిని? అసలు ఎన్నికల చట్టం రాష్ట్రాల చేతిలో ఎలా ఉంటుంది?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. మన దేశంలో ఎన్నిక లోక్‌సభకైనా శాసనసభకైనా పార్లమెంటు చేసిన 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టమే వర్తిస్తుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో శాసనసభ అభ్యర్థి 40 లక్షల రూపాయలకు మించి ఖర్చు చేయరాదన్న పరిమితి కూడా ఢిల్లీలో ఖరారైనదే. అమెరికాలో గవర్నరు పదవికి, రాష్ట్ర చట్టసభలకు జరిగే ఎన్నికల నియమాలను ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే రాసుకుంటుంది. కొన్ని రాష్ట్రాల్లోనైతే చట్టసభతో పని లేకుండా, పౌరులే సంతకాలు సేకరించి, ప్రతిపాదనను నేరుగా ఓటుకు పెట్టి చట్టం చేయించుకోవచ్చు.

ఇక కవర్ల సంగతి. అవి అక్కడా ఉండేవి. 1899 జనవరిలో మోంటానా రాష్ట్ర రాజధాని హెలెనాలో ఫ్రెడ్ వైట్‌సైడ్ అనే చట్టసభ సభ్యుడు నాలుగు కవర్లను సభ ముందుంచాడు. వాటిలో ఉన్న నోట్లు మొత్తం 30,000 డాలర్లు. అప్పట్లో దేశ సెనేట్ (మన రాజ్యసభ వంటి ఎగువ సభ) సభ్యులను ఎన్నుకునేది రాష్ట్ర చట్టసభ సభ్యులే. రాగి గనుల కుబేరుడు విలియం క్లార్క్ ఆ పదవి కోసం తమ ఓట్లు కొనడానికి ఇచ్చిన సొమ్ము ఇదేనని వైట్‌సైడ్ ఆరోపణ. అయినా కొద్ది రోజులకే క్లార్క్ ఎన్నికయ్యాడు. తరువాత సెనేట్ సంఘం విచారణ జరపగా, వేటు తప్పదని తేలి 1900లో రాజీనామా చేశాడు. మన కవరు ఓటరుకు వెళ్తుంది, ఆ కవరు నేరుగా సభ్యుడికే వెళ్లింది. కొనేవాడి లెక్కలో చూస్తే రెండోదే చౌక బేరం.

ఆ అనుభవంతో విసిగిన మోంటానా ఓటర్లు 1912లో, ఎన్నికల్లో కంపెనీలు డబ్బు ఖర్చు చేయరాదని తామే ఓటేసి చట్టం చేసుకున్నారు. ఆ చట్టం దాదాపు నూరేళ్లు నిలిచింది. ఈలోగా అమెరికా సుప్రీంకోర్టు 1976లో బక్లీ కేసులో ఒక గీత గీసింది: అభ్యర్థికి ఇచ్చే చందాకు పరిమితి పెట్టవచ్చు గాని, ప్రచారానికి చేసే ఖర్చుకు పరిమితి పెట్టడం వాక్‌స్వాతంత్ర్యానికి భంగమని ఆ తీర్పు సారాంశం. 2010లో సిటిజన్స్ యునైటెడ్ కేసులో అదే సూత్రాన్ని కంపెనీలకూ వర్తింపజేసి, అభ్యర్థితో సంప్రదించకుండా విడిగా చేసే ప్రచారానికి అవి ఎంతైనా వెచ్చించవచ్చని చెప్పింది. తమ చరిత్ర వేరని మోంటానా రాష్ట్ర సుప్రీంకోర్టు 2011 చివర్లో తన పాత చట్టాన్ని సమర్థించుకున్నా, 2012 జూన్‌లో దేశ సుప్రీంకోర్టు పూర్తిస్థాయి వాదనలైనా వినకుండానే 5–4 తేడాతో దానిని కొట్టివేసింది. రాగి గనుల నాటి సాక్ష్యాన్ని అంత సులువుగా పక్కన పెట్టవలసింది కాదని నా అభిప్రాయం.

మన పద్ధతి దాదాపు దీనికి తలకిందులు: ఇక్కడ అభ్యర్థి ఖర్చుకు పరిమితి ఉంది, పార్టీకి వ్యక్తి ఇచ్చే చందాకు లేదు, పార్టీ చేసే ఖర్చుకూ లేదు.

ప్రశ్న: ఖర్చును ఆపకూడదని కోర్టు చెప్పాక రాష్ట్రాలకు మిగిలిన దారి ఏమిటి? ప్రభుత్వమే ఎన్నికల ఖర్చు భరించడం ఎక్కడైనా నిజంగా నడుస్తోందా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: నడుస్తోంది. పెద్ద సొమ్మును ఆపలేనప్పుడు, అది లేకుండానే పోటీ చేయగల వీలు కల్పించడం ఆ దారి. ఈశాన్య మూలన ఉన్న మెయిన్ రాష్ట్రంలో 1996లో ఓటర్లు ఆమోదించిన చట్టం 2000 ఎన్నికల్లో మొదటిసారి అమలైంది. అక్కడ దిగువ సభకు పోటీ చేయదలచిన వ్యక్తి తన నియోజకవర్గంలో ఇంటింటికీ తిరిగి, కనీసం 60 మంది ఓటర్ల నుంచి తలా ఐదు డాలర్లు సేకరించాలి. ఆ ఐదు డాలర్లు చేరేది అభ్యర్థి జేబులోకి కాదు, రాష్ట్ర నిధికి. అభ్యర్థికి మద్దతు ఉందనడానికి అది రుజువు మాత్రమే. ఆ తరువాత ప్రచారానికి కావలసిన సొమ్మును రాష్ట్రమే ఇస్తుంది, బయటి చందాలు పుచ్చుకోకూడదు. చాలా ఎన్నికల్లో అక్కడి చట్టసభ సభ్యుల్లో సగానికి మించి ఈ పద్ధతిలో గెలిచి వచ్చినవారే.

ఇందులోనూ కోర్టు ఒక మేకు పీకింది. ప్రత్యర్థి సొంత డబ్బు కుమ్మరిస్తే, ప్రభుత్వ నిధి తీసుకున్న అభ్యర్థికి అదనంగా సొమ్ము ఇచ్చే ఏర్పాటు మెయిన్‌లోను, 1998లో ఇదే తరహా చట్టం చేసుకున్న ఆరిజోనాలోను ఉండేది. ఒకరు ఖర్చు చేసినందుకు మరొకరికి బహుమానం ఇవ్వడం మొదటివారికి శిక్షతో సమానమని 2011లో సుప్రీంకోర్టు ఆ ఏర్పాటును రద్దు చేసింది. మెయిన్ ఓటర్లు 2015లో మళ్లీ ఓటేసి, మరికొన్ని ఐదు డాలర్ల చందాలు తెచ్చినవారికి అదనపు సొమ్ము అందేటట్టు చట్టాన్ని సవరించుకున్నారు.

కనెక్టికట్‌ది వేరే కథ. అక్కడ ఈ పని చేసింది చట్టసభే, అదీ తల బొప్పి కట్టాక. గవర్నరు జాన్ రోలండ్ తన విహారగృహానికి రాష్ట్ర కాంట్రాక్టర్ల చేత పనులు చేయించుకున్నారన్న వ్యవహారం రచ్చకెక్కి 2004లో రాజీనామా చేశారు, ఆ ఏడాదే నేరం ఒప్పుకున్నారు. మరుసటి ఏడాది వచ్చిన చట్టం ఎన్నికలకు ప్రభుత్వ నిధిని ఏర్పరచడంతోపాటు, ప్రభుత్వ కాంట్రాక్టర్లు అభ్యర్థులకు చందాలు ఇవ్వకుండా నిషేధించింది; ఆ నిషేధాన్ని ఫెడరల్ (అంటే కేంద్ర స్థాయి) అప్పీలు కోర్టు కూడా ప్రధానంగా నిలబెట్టింది. రోడ్ల బిల్లులకూ ఎన్నికల చందాలకూ ఉన్న బంధుత్వం తెలిసిన మన పాఠకులకు ఈ ఒక్క అంశాన్ని వేరుగా వివరించనక్కరలేదు.

అభ్యర్థితో సంప్రదించకుండా విడిగా ఖర్చు చేసే సంఘాలను మాత్రం ఇంతవరకు ఎవరూ కట్టడి చేయలేకపోయారు. అటువంటి సంఘానికి ఒకరు 5,000 డాలర్లకు మించి ఇవ్వరాదన్న ప్రతిపాదనను 2024 నవంబరులో మెయిన్ ఓటర్లు దాదాపు నాలుగింట మూడు వంతుల మెజారిటీతో ఆమోదిస్తే, 2025 జూలైలో ఫెడరల్ కోర్టు దాని అమలును అడ్డుకుంది.

ప్రశ్న: కనీసం ఇచ్చినవారి పేర్లైనా బయటపడతాయా?
– ఒక న్యాయశాస్త్ర విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: పేరు వెల్లడించాలన్న నియమాలకు కోర్టులు మొత్తం మీద అడ్డు చెప్పలేదు. చిక్కు ఎక్కడంటే, ఒక సంఘం మరో సంఘానికి, అది ఇంకొక సంఘానికి ఇచ్చుకుంటూ పోతే ఓటరుకు కనిపించేది చివరి బోర్డు పేరే. ఆరిజోనా ఓటర్లు 2022లో ఆమోదించిన చట్టం ఈ గొలుసును మొదలంటా లాగుతుంది: రాష్ట్రస్థాయి ప్రచారానికి 50,000 డాలర్లకు మించి వెచ్చించే సంస్థ, 5,000 డాలర్లకు మించిన సొమ్ము మొట్టమొదట ఎవరి దగ్గర పుట్టిందో చెప్పి తీరాలి.

ప్రశ్న: మేము సియాటిల్ దగ్గర ఉంటున్నాము. నాకు గ్రీన్‌కార్డు ఉంది, తమ్ముడు హెచ్1బీ వీసా మీద ఉన్నాడు. ఇక్కడ నగర పాలక మండలి అభ్యర్థులకు ఇచ్చుకోమని ప్రభుత్వమే ఓటర్లకు డబ్బు పంపుతుందని విన్నాము. మాకూ వస్తుందా? మా సొంత డబ్బు ఇవ్వవచ్చా?
– ఒక ప్రవాస పాఠకురాలు

జవాబు: ఇది రాష్ట్రం కాదు, నగరం చేసిన ఏర్పాటు. 2015లో సియాటిల్ ఓటర్లు దీనికోసం ఆస్తిపన్ను పెంపునకు ఒప్పుకున్నారు. 2017 నుంచి నగర ఎన్నికలు జరిగే ఏడాదుల్లో ఒక్కొక్కరికి 25 డాలర్ల విలువగల నాలుగు వోచర్లు ఇస్తున్నారు. వాటిని నగదుగా మార్చుకోలేరు. ఈ పథకంలో చేరిన అభ్యర్థికి ఇవ్వడానికే పనికివస్తాయి. నమోదైన ఓటర్లకు వోచర్లు తపాలాలో వాటంతటవే వస్తాయి, గ్రీన్‌కార్డు ఉన్నవారు దరఖాస్తు చేసుకోవాలి. పుచ్చుకున్నవారిలో వాడేవారు పదిమందికి ఒకరైనా ఉండడం లేదన్నది దీని బలహీనత.

సొంత డబ్బు విషయంలో ఫెడరల్ చట్టం నగర ఎన్నికలకు కూడా వర్తిస్తుంది. గ్రీన్‌కార్డుదారులైన మీరు పరిమితికి లోబడి చందా ఇవ్వవచ్చు. మీ తమ్ముడు మాత్రం, పోటీ చేసేది మన తెలుగువారే అయినా, ఒక్క డాలరు కూడా ఇవ్వకూడదు. అతని డబ్బు మీ పేరు మీద ఇవ్వడం కూడా నేరమే. వోచర్లకు కూడా అతనికి అర్హత లేదు. మీరు “సియాటిల్ దగ్గర” అని రాశారు. ఇల్లు బెల్‌వ్యూలోనో రెడ్‌మండ్‌లోనో ఉంటే అవి వేరే నగరాలు కనుక మీకూ వోచర్లు రావు.